జాగా లేదంటున్న డిస్క్

మీరు కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో ముఖ్యమైన పనిలో ఉంటారు. తెర మీద కుడివైపు కింది మూలన చిన్న పెట్టె ఒకటి పైకి లేచి, డిస్క్‌లో ఖాళీ తగ్గిపోయిందని చెబుతుంది. దాన్ని మూసేస్తారు. కాసేపటికి మళ్లీ వస్తుంది. విసుగొచ్చి రెండు సినిమాలూ, నాలుగు పాత వీడియోలూ తీసేస్తారు. ఒకటి రెండు రోజులు ఊరుకుంటుంది. మూడో రోజు మళ్లీ మొదలుపెడుతుంది.

ఈ వ్యాసం రాస్తున్న నాకూ ఈ అనుభవం ఉంది. అనువాదాల కోసం పదేళ్లుగా కూడబెట్టుకున్న సాంకేతిక పదాల పట్టిక ఒకటి నా కంప్యూటర్లో ఉండేది. హెచ్చరికతో విసిగి ఒక సాయంత్రం, "ఇవన్నీ పాతవే కదా" అనుకుంటూ ఫోల్డర్లకు ఫోల్డర్లు తీసేశాను. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. వాటితోపాటు ఆ పట్టికా పోయింది. అది ఆక్రమించిన చోటు 2 మెగాబైట్లు కూడా ఉండదు. హెచ్చరిక మాత్రం మర్నాడు యథాప్రకారం వచ్చింది. పట్టికలో మూడు వంతులు, ఎప్పుడో ఒక మిత్రుడికి పంపిన నకలు పుణ్యమా అని తిరిగి దొరికాయి. మిగిలిన వంతు ఇప్పటికీ లేదు.

ఆ సాయంత్రం నేను వేసుకోవాల్సిన ప్రశ్న "ఏది తీసేద్దాం?" అన్నది కాదు, "ఏది నింపుతోంది?" అన్నది. ఈ రెండు ప్రశ్నలకూ ఉన్న తేడా తెలియాలంటే డిస్క్ చరిత్రలోకి ఒకసారి వెళ్లి రావాలి. ఎందుకంటే, ఈ హెచ్చరిక మన కంప్యూటర్‌తో పుట్టింది కాదు. చోటు చాలకపోవడం అన్నది డిస్క్ పుట్టిన రోజుల నుంచీ దాని వెంటే ఉంది.

టన్ను బరువు, ఒక్క పుస్తకం

1956 సెప్టెంబర్‌లో ఐ.బి.ఎం. సంస్థ 305 ర్యామాక్ అనే యంత్రాన్ని ప్రకటించింది. దానిలో భాగమైన 350 అనే నిల్వ యంత్రమే ప్రపంచంలో మొట్టమొదట అమ్మకానికి వచ్చిన హార్డ్ డిస్క్. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం శాన్ హోసే నగరంలోని ప్రయోగశాలలో రేనాల్డ్ జాన్సన్ నాయకత్వాన పనిచేసిన బృందం దాన్ని తయారుచేసింది.

అంతకుముందు సమాచారాన్ని చిల్లులు పొడిచిన కార్డుల మీదా, అయస్కాంత టేపుల మీదా దాచేవారు. ఒక్కో కార్డు మీద 80 అక్షరాలు పట్టేవి. టేపు మీద చిట్టచివర ఉన్న ఖాతా కావాలంటే టేపునంతా తిప్పుకుంటూ పోవాల్సిందే. ర్యామాక్ ఈ బాధను తప్పించింది. 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్లేలను ఒకే ఇరుసుకు గుచ్చి, నిమిషానికి 1,200 సార్లు తిప్పేవారు. ఒక లోహపు చేయి పైకీ కిందికీ కదిలి, కావలసిన పళ్లేన్ని చేరుకుని, లోపలికి జరిగి, అక్కడున్న అక్షరాలను చదివేది. సగటున సెకనులో ఆరు పదో వంతుల కాలం చాలేది.

ఇంత చేసి అందులో పట్టినవి 50 లక్షల అక్షరాలు. ఒక్కో అక్షరానికి 6 బిట్లు వాడేవారు కాబట్టి, ఇప్పటి లెక్కలో ఇది సుమారు 3.75 మెగాబైట్లు. యంత్రం బరువు టన్నుకు పైగానే. మొత్తం వ్యవస్థకు నెలసరి అద్దె 3,200 డాలర్లు.

ఈ అంకెను తెలుగు లెక్కలోకి మార్చి చూద్దాం. ఇప్పుడు కంప్యూటర్లలో, ఇంటర్నెట్‌లో తెలుగు వాక్యాలను ఎక్కువగా దాచేది యూనికోడ్‌లోని యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో. ఇందులో ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు కావాలి. "తెలుగు" అనే మాటలో మూడు హల్లులు, మూడు అచ్చుల గుర్తులు కలిపి 6 సంకేతాలు. అంటే 18 బైట్లు. పుస్తకంలో పేజీకి 2,000 సంకేతాలు ఉంటాయనుకుంటే 6,000 బైట్లు అవుతుంది. ఆ లెక్కన టన్ను బరువున్న ఆ యంత్రంలో పట్టే చోటు 625 పేజీల తెలుగు పుస్తకానికి సరిపోతుంది. ఈనాడు ఫోనుతో తీసే ఒక్క ఫోటో చాలాసార్లు అంత చోటూ తినేస్తుంది.

రెండు అంకెల పొదుపు

చోటు అంత ఖరీదైనప్పుడు ప్రతి అక్షరమూ లెక్కే. కార్డుల కాలం నుంచీ ఒక అలవాటు ఉండేది. సంవత్సరాన్ని 1956 అని రాయకుండా 56 అని ఊరుకునేవారు. దాని లాభమెంతో చూడండి. ర్యామాక్‌లో 100 అక్షరాల రికార్డులు 50,000 పట్టేవి. ఒక్కో రికార్డులో మూడు తేదీలుంటే, తేదీకి రెండేసి చొప్పున 3 లక్షల అక్షరాలు మిగిలేవి. అంటే మరో 3,000 రికార్డులకు చోటన్నమాట.

ఆనాటికి అది తెలివైన పనే. కానీ చోటు చవకయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. పాత ప్రోగ్రాముల మీద కొత్తవి కట్టుకుంటూ పోయారు. చివరికి 00 అంటే 1900 అనుకోవాలో 2000 అనుకోవాలో యంత్రాలకు తెలియని పరిస్థితి వచ్చింది. వై2కె సమస్య అని అందరూ చెప్పుకున్నది ఇదే. బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలు దశాబ్దాల నాటి కోబాల్ ప్రోగ్రాములను పంక్తి పంక్తీ వెతికించి సరిచేయించుకోవలసి వచ్చింది. 1990ల చివరలో హైదరాబాద్ అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని ఈ పని మీద అమెరికా వెళ్లిన తెలుగువాళ్లు మన చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. ఎప్పుడో పళ్లేల మీద చోటు చాలక మిగిల్చిన రెండు అంకెలే ఎన్నో కుటుంబాలను విమానం ఎక్కించాయంటే అతిశయోక్తి కాదు.

విస్తరి నిండా వడ్డిస్తే

1970లలో ఒకే కంప్యూటర్‌ను అనేకమంది పంచుకుని వాడేవారు. డిస్క్ ఉమ్మడి సొత్తు. ఉమ్మడి సొత్తును ఎవరూ శుభ్రం చేయరన్నది మనకు తెలియని విషయం కాదు. యునిక్స్ కంప్యూటర్లలోకి ప్రవేశించగానే కనిపించే ఆనాటి సందేశం, చాలాచోట్ల, దయచేసి మీ పాత ఫైళ్లు తీసేయండన్న వేడుకోలే. వాడుకరుల మధ్య అదొక హాస్యంగా కూడా మారింది.

1983లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణం నుంచి వెలువడిన 4.2 బి.ఎస్.డి. అనే యునిక్స్ రూపం ఈ సమస్యకు రెండు విధాలుగా మందు వేసింది. మొదటిది, మనిషికింత అని కోటా. దీన్ని రాసినది ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ ఎల్జ్. ఇందులో రెండు హద్దులుంటాయి. మెత్తని హద్దు దాటితే హెచ్చరిక వస్తుంది, పని మాత్రం సాగుతుంది. గట్టి హద్దు దగ్గర ఇక రాయనివ్వదు. ముందు గొణగడం, తర్వాత తలుపు వేయడం అన్న ఈ పద్ధతికి మన తెర మీద వచ్చే హెచ్చరిక దగ్గరి చుట్టమే.

రెండోది ఇంకా ముఖ్యమైనది. మార్షల్ కిర్క్ మెక్యూసిక్, ఆయన సహచరులు రూపొందించిన కొత్త ఫైలు వ్యవస్థ, డిస్క్‌లో మామూలుగా 10 శాతం చోటును ఎవరికీ ఇవ్వకుండా అట్టిపెట్టేది. నిర్వాహకుడు తప్ప ఇతరులు దాన్ని ముట్టుకోవడానికి లేదు. ఎందుకంటే, కొత్త ఫైలును వీలైనంత వరకు ఒక్కచోటే రాస్తే త్వరగా చదవవచ్చు. డిస్క్ నిండే కొద్దీ ఖాళీ గళ్లు అక్కడొకటీ ఇక్కడొకటీగా మిగులుతాయి. ఫైలు ముక్కలై చెల్లాచెదురవుతుంది, వేగం పడిపోతుంది. విస్తరి నిండా అన్నం వడ్డిస్తే కలుపుకోవడానికి చోటుండదు కదా, అలాగే!

కాబట్టి డిస్క్‌లో ఖాళీ అంటే వృథాగా పడి ఉన్న జాగా అనుకోకూడదు. తాత్కాలిక ఫైళ్లు రాసుకోవడానికి, ర్యామ్ చాలనప్పుడు అందులోని భాగాలను దించుకోవడానికి, మార్పులు తెచ్చుకుని విప్పుకోవడానికి యంత్రానికి అది కావాలి.

ఒక కిలోబైటుకు 32

వ్యక్తిగత కంప్యూటర్ల కాలం వచ్చింది. 1980లో సీగేట్ సంస్థ తెచ్చిన ఎస్.టి.-506 అనే చిన్న డిస్క్ సామర్థ్యం 5 మెగాబైట్లు. 1983లో వచ్చిన ఐ.బి.ఎం. పీసీ ఎక్స్.టి.లో 10 మెగాబైట్ల డిస్క్ ఉండేది. ఫ్లాపీలతో కుస్తీ పట్టినవారికి అది అంతులేని మైదానంలా కనిపించింది. ఆ మైదానమూ నిండింది.

1990లలో డిస్క్‌లు గిగాబైటును దాటాయి. అప్పుడొక వింత ఎదురైంది. డాస్, విండోస్‌లు వాడే ఫ్యాట్-16 అనే పద్ధతి డిస్క్‌ను గళ్లుగా విభజిస్తుంది. గళ్ల నంబర్లు 16 బిట్లలో రాస్తుంది కాబట్టి ఒక పార్టిషన్‌లో సుమారు 65,000 గళ్లకు మించి ఉండవు. డిస్క్ పెద్దదైతే గడి పెద్దది కావడమే మార్గం. ఒక గిగాబైటు దాటిన పార్టిషన్‌లో ఒక్కో గడి 32 కిలోబైట్లు. ఒక గడిలో రెండు ఫైళ్లు కాపురం చేయవు. ఒక కిలోబైటు ఉత్తరమైనా 32 కిలోబైట్ల గది తీసుకుంటుంది. అటువంటి ఫైళ్లు 10,000 ఉంటే అసలు సమాచారం 10 మెగాబైట్లు, ఆక్రమించిన చోటు 312 మెగాబైట్లు! 1996లో విండోస్ 95కు జతచేసిన ఫ్యాట్-32 పద్ధతి, చిన్న గళ్లతో ఈ నష్టాన్ని బాగా తగ్గించింది.

ఈ లోగా కొందరు ఉన్న చోటులోనే ఎక్కువ కుక్కే ఉపాయం వెతికారు. స్టాక్ ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ 1990లో స్టాకర్ అనే ప్రోగ్రామ్ తెచ్చింది. ఫైళ్లను కుదించి రాసి, తిరిగి తెరిచినప్పుడు విప్పేది. 1993లో మైక్రోసాఫ్ట్ తన ఎం.ఎస్. డాస్ 6.0లో డబుల్‌స్పేస్ అనే ఇలాంటి సౌకర్యమే ఇచ్చింది. పేటెంట్ల మీద కోర్టుకెక్కిన స్టాక్ సంస్థకు 1994లో అమెరికా జ్యూరీ 12 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. కొన్ని మెగాబైట్ల ఖాళీ జాగా విలువ అప్పట్లో అంత! వాడుకరులకు ఇందులో ఒక ప్రమాదం కూడా ఉండేది. కుదించిన డ్రైవ్ మొత్తం నిజానికి ఒకే ఒక పెద్ద ఫైలు. అది చెడితే దానిలోని ఫైళ్లన్నీ ఒకేసారి ప్రమాదంలో పడేవి.

మూలన మొలిచే పెట్టె

2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి. ఈ హెచ్చరికకు ఒక క్రమం పెట్టింది. ఖాళీ 200 మెగాబైట్ల కన్నా తగ్గితే ఒకసారి చెప్పేది. 80 కన్నా తగ్గితే నాలుగు గంటలకోసారి. 50 కన్నా తగ్గితే ఐదు నిమిషాలకోసారి. ప్రమాదం పెరిగే కొద్దీ గొంతు పెంచడమన్నమాట. ఆలోచన సబబైనదే. అయితే ఇక్కడ లెక్క శాతంలో కాదు, మెగాబైట్లలో ఉందని గమనించండి. చిన్న పార్టిషన్‌కైనా పెద్ద పార్టిషన్‌కైనా ఒకే కొలత.

ఇలాంటి కాపలా అక్కరలేని చోట కూర్చుంటే ఏమవుతుందో 2018లో లోకం చూసింది. ఆ ఏడాది ఏప్రిల్ చివర విడుదలైన విండోస్ 10 మార్పు (సంఖ్య 1803) ఎక్కించుకున్న కొందరి కంప్యూటర్లలో అంతకుముందు లేని డ్రైవ్ ఒకటి ప్రత్యక్షమైంది. అది దాదాపు నిండి ఉండేది. కొద్ది నిమిషాలకోసారి హెచ్చరిక. నిజానికి అది కొత్త డ్రైవ్ కాదు. కంప్యూటర్ చెడిపోతే బాగుచేసుకోవడానికి తయారీదారులే కొన్ని వందల మెగాబైట్లలో దాచి ఉంచే రికవరీ పార్టిషన్. మామూలుగా దానికి అక్షరం ఉండదు, కంటికి కనబడదు. మార్పు ఎక్కినప్పుడు పొరపాటున దానికి ఒక అక్షరం తగిలింది. అక్షరం రాగానే కాపలావాడు దాన్ని కూడా మామూలు డ్రైవ్ అనుకుని అరవడం మొదలుపెట్టాడు.

ఇక్కడ మందు ఫైళ్లు తీసేయడం కాదు. అందులోవి తీసేస్తే ఆపదలో ఆదుకునేది పోతుంది. డిస్క్‌పార్ట్ అనే సాధనంతోనో, మౌంట్‌వాల్ అనే ఆదేశంతోనో ఆ అక్షరాన్ని ఊడదీస్తే చాలు. హెచ్చరిక ఆగిపోతుంది, పార్టిషన్ భద్రంగా ఉంటుంది.

ఇంకో రకం కథ విండోస్ 7 కంప్యూటర్లలో జరిగింది. విండోస్ తన భాగాలలో జరిగే మార్పులను ఒక చిట్టాలో రాసుకుంటుంది. అది పెద్దదైతే కుదించి పక్కన పెడుతుంది. కానీ చిట్టా 2 గిగాబైట్లు దాటిపోతే కుదించే ప్రోగ్రామ్ మధ్యలో విఫలమయ్యేది. విఫలమైన ప్రతిసారీ సగం చేసిన ఫైలును తాత్కాలిక ఫోల్డర్లో వదిలేసి, మళ్లీ ప్రయత్నించేది. ఇలా డిస్క్ నిండిపోయేదాకా సాగేది. సినిమాలు తీసేసి ఖాళీ చేసిన చోటును అది రెండు రోజుల్లో మింగేసేది. రోగం ఉన్నది ఆ ఒక్క చిట్టాలో. దాన్ని తొలగిస్తే తప్ప నయం కాదు.

పట్టించుకోకపోతే

ఇదంతా ఇంటి కంప్యూటర్ల చిల్లర బాధే కదా అనుకోకండి. 2004 జనవరిలో అంగారకుడి మీద దిగిన స్పిరిట్ రోవర్, కొన్నాళ్లు చక్కగా పనిచేసి, 21వ తేదీన మాట్లాడటం మానేసింది. ప్రయాణంలో ఉన్న నెలలతో సహా పోగైన ఫైళ్లు దాని ఫ్లాష్ నిల్వలో అలాగే ఉన్నాయి. ఫైళ్లు పెరిగే కొద్దీ వాటి జాబితాను ర్యామ్‌లోకి ఎక్కించడానికి చోటు చాలలేదు. కంప్యూటర్ ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ అదే జాబితాను ఎక్కించబోయి, మళ్లీ ఆగేది. ఇలా 60కి పైగా సార్లు జరిగింది. నిద్రపోవలసిన రాత్రివేళ కూడా మేలుకుని బ్యాటరీని హరించుకుంది. ఫ్లాష్ జోలికి పోకుండా మొదలు కమ్మని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ ఇంజనీర్లు భూమి నుంచి ఆదేశం పంపి, తర్వాత పాత ఫైళ్లు తీసేయించారు. 90 అంగారక దినాల కోసం పంపిన ఆ బండి 2010 మార్చి వరకు సమాచారం పంపింది.

2023 ఆగస్టు 29న జపాన్‌లో టయోటా కార్ల సంస్థకు చెందిన 14 కర్మాగారాలు ఆగిపోయాయి. మొదట సైబర్ దాడేమో అని అనుమానించినవారున్నారు. సంస్థ చెప్పిన కారణం వేరు. రెండు రోజుల ముందు నిర్వహణలో భాగంగా డేటాబేస్‌లో పోగైన సమాచారాన్ని తీసేసి సర్దుతుండగా డిస్క్‌లో చోటు చాలలేదు. విడిభాగాల ఆర్డర్లు నడిపే సర్వర్లు ఆగాయి. ఆపద్ధర్మానికి పెట్టుకున్న సర్వర్లూ అదే వ్యవస్థలో ఉండటంతో అవీ ఆదుకోలేదు. శుభ్రం చేయడానికి కూడా కాస్త ఖాళీ కావాలన్న సంగతి ఇక్కడ తెలుస్తుంది. ఇల్లు సర్దాలంటే సామాను తీసి పెట్టుకోవడానికి వరండా ఉండాలి కదా!

మీ కంప్యూటర్ దగ్గర

ఇప్పుడు మీ తెర మీది పెట్టె దగ్గరకు వద్దాం. ముందుగా హెచ్చరిక ఏ డ్రైవ్ పేరు చెబుతోందో చదవండి. మీరెప్పుడూ వాడని, కొన్ని వందల మెగాబైట్ల చిన్న డ్రైవ్ అయితే అది పైన చెప్పిన రికవరీ పార్టిషన్ కావచ్చు. అందులో ఏమీ చెరపకండి. తెలిసినవారి చేత దాని అక్షరం తీయించండి.

అది మామూలు సి డ్రైవ్ అయితే, వరుసగా మూడు రోజులు ఒకే వేళకు ఖాళీ ఎంతుందో కాగితం మీద రాసుకోండి. మీరేమీ చేర్చకుండానే తగ్గిపోతుంటే ఏదో పెరుగుతోందన్నమాట. విండోస్ 10, 11లలో సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ పేజీ ఏ రకం ఫైళ్లు ఎంత తింటున్నాయో చూపిస్తుంది. ఫైళ్లను పరిమాణాన్ని బట్టి వరుసలో పెట్టి చూస్తే దొంగ సాధారణంగా మొదటి పదింటిలోనే ఉంటాడు.

తీసేయడంలోనూ ఒక వరుస ఉంది. ముందు తాత్కాలిక ఫైళ్లు, రీసైకిల్ బిన్. బిన్‌లో వేసినంత మాత్రాన చోటు ఖాళీ కాదు. అయితే దాన్ని ఖాళీ చేసే ముందు ఒకసారి లోపలికి తొంగి చూడండి. పెద్ద మార్పు తర్వాత మిగిలే పాత విండోస్ ఫోల్డరు చాలా చోటు తింటుంది. కొత్తది సరిగా పనిచేస్తోందని తేలాక విండోస్ ఇచ్చిన సాధనంతోనే దాన్ని తీసేయవచ్చు. హైబర్నేషన్ వాడని వారు దాన్ని ఆపితే ర్యామ్‌ను బట్టి కొన్ని గిగాబైట్లు మిగులుతాయి. విండోస్ ఫోల్డరులో మాత్రం చేత్తో ఏదీ చెరపకండి. హెచ్చరికనే నోరు మూయించే ఏర్పాటు కూడా రిజిస్ట్రీలో ఉంది. కానీ నిజంగా నిండుతున్న డ్రైవ్‌కు అలా చేయడం, పొంగుతున్న పాల మీద మూత పెట్టడమే.

మీరు రాసినవీ, మీరు తీసిన ఫోటోలూ జాబితాలో చివర ఉండాలి. వాటికి వేరొక డిస్క్ మీద నకలు ఉన్నాకే వాటి జోలికి వెళ్లండి.

1956 నాటి 3.75 మెగాబైట్ల నుంచి నేటి టెరాబైట్ల దాకా డిస్క్ కొన్ని లక్షల రెట్లు పెరిగింది. హెచ్చరిక ఆగలేదు. కొత్త డిస్క్ కొంటే కొన్నాళ్లు ఊరట దొరుకుతుంది, అంతే. మనం దాచుకోవాలనుకున్నవి చాలాసార్లు చిన్నవి. డిస్క్‌ను నింపేవి ఎక్కువగా ఎవరూ దాచమని చెప్పనివి. విసుగులో చెయ్యి ముందుగా పడేది మాత్రం చిన్నవాటి మీద, ఎందుకంటే మనకు కనబడేవి అవే. నా పదాల పట్టిక అలాగే పోయింది. ఈసారి పెట్టె పైకి లేచినప్పుడు, దేన్నీ చెరపకముందే ఐదు నిమిషాలు ఆగి, ఏది నింపుతోందో చూడండి.